జాగ్రత్త: ‘ఆరు నెలల్లో సి1’ అనే జర్మన్ కోర్సు కొనేముందు ఇది చదవండి

జర్మనీలో జర్మన్ భాషాసాహిత్యాలే ప్రధాన విషయంగా డిగ్రీ చదవాలని నా కోరిక. అందుకోసం డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నాను. దాని చివర చేతికొచ్చిన సర్టిఫికెట్ చెల్లదని విశ్వవిద్యాలయం తిప్పి పంపింది. శీతాకాల సెమిస్టర్‌కు అక్కడ చాలా చోట్ల జూలై 15తో గడువు ముగుస్తుంది. నాకు తిరస్కరణ ఉత్తరం అందింది ఆగస్టులో. అంటే డబ్బుతో పాటు ఏడాదీ పోయింది. ఆ కోర్సు ప్రకటన ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ప్రకటనలో మూడు హామీలున్నాయి. ఆరు నెలల్లో మొదటి అక్షరం నుంచి సి1 (భాషా స్థాయిల ఆరు మెట్లలో ఐదోది) దాకా నేర్పడం, విశ్వవిద్యాలయ ప్రవేశానికి పనికొచ్చే సర్టిఫికెట్, పరీక్ష తప్పితే డబ్బు వాపసు. మూడోది చూసే నేను నమ్మాను. ఆ పరీక్ష ఎవరు పెడతారని మాత్రం అడగలేదు. అది వాళ్ల సొంత పరీక్ష. ముప్పై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, సరైనదాన్ని గుర్తించాలి. ఒక్క వాక్యం రాయనక్కరలేదు, ఒక్క మాట పలకనక్కరలేదు. ముగించిన పది నిమిషాలకే సర్టిఫికెట్ మెయిల్‌లో వచ్చేసింది. ఆ రోజు ఇంట్లో అందరికీ చూపించి సంబరపడ్డాను. తప్పడానికి వీలే లేని పరీక్ష మీద ఇచ్చిన హామీకి విలువ లేదని అప్పటికి తట్టలేదు.

సర్టిఫికెట్ మీద ‘ఐరోపా ప్రమాణాల ప్రకారం సి1 స్థాయి’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. మోసమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఎ1 నుంచి సి2 వరకు ఉన్న ఆరు మెట్లు ఐరోపా మండలి (కౌన్సిల్ ఆఫ్ యూరప్) 2001లో ప్రచురించిన కొలమానంలోవి. ఏ మెట్టు మీద ఉన్నవారు ఏమేం చేయగలరో అది వర్ణిస్తుంది, అంతే. ఐరోపా మండలి ఎవరి పరీక్షనూ ఆమోదించదు, ఎవరి సర్టిఫికెట్‌కూ పూచీ పడదు. ‘సి1’ అన్న రెండు గుర్తులను ఎవరైనా ముద్రించుకోవచ్చు. విశ్వవిద్యాలయం చూసేది ఆ గుర్తులను కాదు, వాటి కింద సంతకం చేసిన సంస్థను.

డబ్బు కట్టేముందు ఒక చిన్న లెక్క వేసి ఉంటే నాకు ఇంత దూరం వచ్చేది కాదు. వారానికి మూడు తరగతులు, ఒక్కొక్కటి గంట, ఇరవై ఆరు వారాలు. మొత్తం 78 గంటలు. 45 నిమిషాల పీరియడ్లుగా చూస్తే 104. బి2 చేరడానికి, జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ చెప్పే అంచనా అలాంటివి 600 నుంచి 800 పీరియడ్లు, సి1కి 800 నుంచి 1000. అంటే మాకు చెప్పింది మొదటి మెట్టుకు సరిపడేంత పాఠం. తరువాత మరోచోట స్థాయి పరీక్ష రాస్తే నన్ను ఎ2లో కూర్చోబెట్టారు. వింటుంటే తల కొట్టేసినట్టయింది గానీ, అది నిజమైన లెక్క.

ఆ ఆరు నెలల్లో పరిచయం చేసుకోవడం, దారి అడగడం, గది అద్దెకు అడగడం నేర్పారు. విశ్వవిద్యాలయంలో జర్మన్ చదవడమంటే సెమినార్‌లో వాదించాలి, పేజీలకు పేజీలు వ్యాసాలు రాయాలి. చాలా విభాగాల్లో మధ్యయుగపు జర్మన్ కూడా చదవాలి, అది ఇప్పటి జర్మన్ వచ్చినవాళ్లకే కొత్త భాషలా ఉంటుంది. వీటి గురించి మా పాఠాల్లో ఒక్క ముక్క లేదు. మంచి గురువు దొరికితే తెలుగువాళ్లకు జర్మన్ ఎంత దగ్గరగా అనిపిస్తుందో తరువాతే తెలిసింది. ఉపవాక్యంలో క్రియ మన వాక్యంలో లాగే చివరికి వెళ్తుంది. ఇతరులు చెప్పినదాన్ని మనం ‘అట’ చేర్చి చెప్పినట్టే, వాళ్లు క్రియ రూపం మార్చి చెబుతారు. ‘ఆయనకు ఒంట్లో బాగాలేదట’ అన్నదానికి అచ్చంగా సరిపోయే వాక్యం జర్మన్‌లో ఉంది. పరిశోధన వ్యాసాల్లో అడుగడుగునా కనిపించే ఆ రూపాన్ని, సి1 చేతిలో పెట్టినవాళ్లు ఒక్కసారైనా చెప్పలేదు.

జర్మన్ విశ్వవిద్యాలయాలు సాధారణంగా అంగీకరించే భాషా పరీక్షలు ఇవి. టెస్ట్‌డాఫ్ అయితే చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ 4వ స్థాయి రావాలి. డీఎస్‌హెచ్ అయితే విశ్వవిద్యాలయాలే స్వయంగా నిర్వహిస్తాయి, 67 శాతంతో డీఎస్‌హెచ్-2 అనే రెండో స్థాయి వస్తుంది, ఎక్కువ కోర్సులకు అది చాలు. గోథే సి2 ఉంది. టెల్క్ అనే సంస్థ పెట్టే వాటిలో ‘సి1 హోఖ్‌షూలె’ అన్న పరీక్ష విశ్వవిద్యాలయాల కోసమే ఉంది, మామూలు టెల్క్ సి1 వేరు, పేరు సరిగ్గా చూసుకోండి. ఏది సరిపోతుందో ఒక్కో విభాగం తన ప్రవేశ నిబంధనల్లో రాస్తుంది. ముందు అది చదివి, తరువాతే శిక్షణ వెతకండి. నేను తలకిందులుగా చేశాను.

అమ్మేవారిని ఒక్క ప్రశ్న అడిగితే చాలావరకు తేలిపోతుంది: ‘చివరి పరీక్ష పెట్టేది మీరా, బయటి సంస్థా?’ ‘మా సర్టిఫికెట్ అంతర్జాతీయ స్థాయిది’ అని చుట్టూ తిప్పి చెబితే ఫోను పెట్టేయండి. తరగతులకు హాజరైనట్టు ఇచ్చే కాగితానికి, భాష వచ్చని పరీక్షించి ఇచ్చే కాగితానికి చాలా తేడా ఉంది.

డబ్బు తిరిగి అడిగితే, మొదటి వీడియో పాఠం తెరిచాక వాపసు ఉండదన్న షరతు చూపించారు. అది ఒప్పందంలో పద్నాలుగో పేజీలో ఉంది. నాలుగుసార్లు రాశాను, రెండుసార్లు జవాబిచ్చారు, తరువాత మౌనం. కోర్సు గడువు ముగిసిన మర్నాడే నా ఖాతా మూసేశారు. దానిలోనే ఉన్న ఒప్పందం, చాట్ సంభాషణలు, హామీల పేజీ నాకు మళ్లీ దొరకలేదు. ఇప్పటికే ఇలాంటి కోర్సు కొని ఉంటే ఈ రోజే రశీదు, ఒప్పందం, ప్రకటన, వాళ్లతో మాట్లాడిన ప్రతి సందేశం మీ కంప్యూటర్‌లో దాచుకోండి. ఖాతా తెరుచుకుని ఉన్నప్పుడే ఆ పని చేయండి.