స్ట్రెస్ ఎకోకి డబ్బు కట్టించుకుని మామూలు ఎకో చేసి పంపారు, జాగ్రత్త

కోనసీమ, పాలకొల్లు, భీమవరం వైపు ఇంట్లో గుండె పేషెంట్లు ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి.

మా మావయ్యగారికి 62 ఏళ్లు. ఇదివరకే స్టెంట్ వేశారు. ఈమధ్య ఏటిగట్టు ఎక్కుతుంటే గుండె పట్టేసినట్టు ఉంటోందన్నారు, కాసేపు కూర్చుంటే తగ్గిపోతోంది. డాక్టరుగారు స్ట్రెస్ ఎకో రాశారు, అంటే గుండెకి శ్రమ కలిగించి, అది ఎలా కదులుతోందో స్కానింగ్ (ఎకో)లో చూసే టెస్టు. బోర్డు మీద ఆ పేరు పెద్దక్షరాలతో రాసి ఉన్న ఒక డయాగ్నస్టిక్ సెంటరుకి తీసుకెళ్లాం.

ముందు పడుకోబెట్టి ఎకో తీశారు. తర్వాత ట్రెడ్‌మిల్ ఎక్కించారు. మోకాళ్లు నొప్పి అనగానే ఆపేసి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఎకో గదిలో వేరే పేషెంటు ఉన్నారు, ఆగమన్నారు. ఆయన ఒంటి మీద చెమట పూర్తిగా ఆరిపోయాక లోపలికి పిలిచి, మళ్లీ జెల్ రాసి రెండో ఎకో తీశారు. రిపోర్టు మీద ‘నెగెటివ్’, అంటే లోపం కనబడలేదని.

ఆ రిపోర్టుకి విలువ లేదండి. రక్తనాళం సన్నబడినా, ఊరికే పడుకున్నప్పుడు గుండెకి ఆ రక్తం సరిపోతుంది, గోడలన్నీ బాగానే కదులుతాయి. శ్రమ పడినప్పుడే రక్తం అందని భాగం మందగిస్తుంది. నడక ఆపగానే అది మళ్లీ మామూలైపోవచ్చు. అందుకే ట్రెడ్‌మిల్ దిగిన 60 నుంచి 90 సెకన్లలోపే, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి బొమ్మలు తీసేయాలి. ఎకో మంచం ట్రెడ్‌మిల్ పక్కనే ఉండాలి. కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో పడుకునే తొక్కే సైకిలు ఉంటుంది, దాని మీదైతే తొక్కుతుండగానే ఎకో తీస్తారు.

ఇంకోటి, గుండె వేగం. 220లోంచి వయసు తీసేసి, వచ్చినదాంట్లో 85 శాతం చూస్తారు. మావయ్యగారికైతే దాదాపు 134 రావాలి. రిపోర్టులో 104 అని ఉంది! పొద్దున్నే మెటోప్రొలాల్ మాత్ర వేసుకునే వెళ్లారు, అది గుండె వేగాన్ని పెరగనివ్వదు. టెస్టుకి ముందు మాత్రల సంగతి సెంటరువాళ్లు ఒక్క మాట అడగలేదు. అలాగని మీ అంతట మీరు మాత్ర ఆపేయకండి, టెస్టు రాసిన డాక్టరుని అడిగే ఆపాలి. నడవలేనివాళ్లకి డోబుటమిన్ ఇంజెక్షన్‌తో గుండె వేగం పెంచి ఇదే టెస్టు చేసే పద్ధతి ఉంది. ఆ మాటా ఎవరూ ఎత్తలేదు.

నాకు అన్నిటికన్నా భయం వేసింది, స్టెంట్ ఉన్న మనిషి ట్రెడ్‌మిల్ మీద నడుస్తుంటే ఆ గదిలో డాక్టరు లేకపోవడం. ఒక్క టెక్నీషియన్ కుర్రాడే ఉన్నాడు. గుండె ఆగితే వాడే షాక్ మెషీన్ ఏదని అడిగితే పై అంతస్తులో ఉందన్నాడు.

డబ్బు కట్టేముందే ఫోన్ చేసి అడగండి: కార్డియాలజిస్టు దగ్గరుంటారా, నడక ఆపాక ఎంతసేపట్లో ఎకో తీస్తారు, నడకకి ముందూ తర్వాతా బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించే సీడీ ఇస్తారా. సరిగ్గా చెప్పలేకపోతే వెళ్లకండి.

మా డాక్టరుగారు ఆ రిపోర్టు చూసి, దీన్ని బట్టి ఏమీ చెప్పలేం, మళ్లీ చేయించాలన్నారు. సెంటరువాళ్లేమో రిపోర్టు ఇచ్చేశాం కాబట్టి డబ్బు వెనక్కి ఇవ్వమంటున్నారు. బిల్లు, రిపోర్టు జిరాక్సులు పెట్టి జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం. మీకూ ఇలాగే జరిగి ఉంటే బిల్లు పారేయకండి, మీరూ రాసివ్వండి.