మొక్కల చిగుళ్ళు గిల్లడానికి కొన్న సన్నమూతి కత్తెర, రెండు నెలలు వాడాక

మొక్క గుబురుగా కొమ్మలెయ్యాలని నారు చిగుళ్ళు గిల్లడానికి కత్తెరెందుకండీ గోళ్ళున్నాయి కదా అని మీరు అడిగేలోపే ఒప్పేసుకుంటున్నా, సగం పనికి గోళ్ళే చాలు. మిగతా సగం కోసమే ఇది కొన్నా, ఆన్‌లైన్లో. చిన్నది, అరచేతిలో పట్టేస్తుంది, మూతి సన్నగా సూటిగా ఉంటుంది, మధ్యలో స్ప్రింగు, పక్కన లాక్. రెండు నెలల్నుంచి బంతి, జినియా, చామంతి, బేసిల్ అన్నిటి మీదా వాడుతున్నా.

ముందు మంచి మాట. జినియా కాడ లోపల బోలుగా ఉంటుంది, ఇంట్లో మామూలు కత్తెరతో కోస్తే తెగదు, నలుగుతుంది, నలిగిన చోట రెండ్రోజుల్లో గోధుమ రంగు తిరిగి కిందికి ఎండుకుంటూ వస్తుంది, అలా పోయినసారి నాలుగు మొక్కలు పాడుచేసుకున్నా. దీంతో అట్లా కాదు, టక్కున తెగుతుంది, కోసిన చోటు నున్నగా ఉంటుంది. ఇంకోటి, కొయ్యాల్సింది కణుపుకి, అంటే కాడ మీద ఆకులు పుట్టే చోటుకి, కాస్త పైన, పావంగుళం వదిలితే చాలు, ఎక్కువ వదిలితే ఆ మోడు ఎండి కుళ్ళుతుంది, మరీ ఆనించి కోస్తే ఆకు మొదట్లో ఆవగింజంత ఉండే, కొమ్మగా ఎదగాల్సిన పక్క మొగ్గ కూడా పోతుంది. ఆ మొగ్గే కదా మనకి కావాల్సింది! ఈ సన్నమూతి రెండాకుల మధ్యలోకి దూరి సరిగ్గా అక్కడే ఆగుతుంది, నా బొటనవేలు అయితే ఆకుల్ని కూడా కలిపి పీకేది.

ఇక బేసిల్, చామంతి లేతగా ఉన్నప్పుడు మాత్రం కత్తెర తియ్యనే తియ్యను. బొటనవేలు, చూపుడువేలు గోళ్ళ మధ్య పెట్టి నొక్కితే చిటుక్కున వచ్చేస్తుంది. వేళ్ళకి నల్ల మరక పట్టుకుంటుంది, అదొక్కటే బాధ. గిల్లిన బేసిల్ కొనలు పారెయ్యకండి, నీళ్ళ గ్లాసులో పెడితే వేర్లొస్తాయి, ఇంకో మొక్క ఫ్రీ.

కత్తెరతో పాటు ఒక కాగితం వచ్చింది, వాడే విధానం అని. అందులో మొక్క కాస్త ఎదగ్గానే సగానికి కొయ్యమని ఉంది!! అది చూసి ఎంతమంది నారు తగలేసుకున్నారో. మొదట వచ్చే రెండు ఆకులు గింజ ఆకులు, అవి లెక్కలోకి రావు, వాటి పైన మూడు నాలుగు జతల అసలు ఆకులు వచ్చాక పై కొన ఒక్కటే తియ్యాలి. ఆ కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని లేవనివ్వదు, కొన పోతే వాటికి దారి దొరుకుతుంది, కణుపుల దగ్గర కొమ్మలు లేస్తాయి, అంతే సంగతి. సగానికి కోస్తే ఆకులు లేక మొక్క తిండికే అల్లాడుతుంది, కొమ్మలెక్కడివి. ఆ కాగితంలో పొద్దుతిరుగుడు బొమ్మ కూడా వేశారు, ఒంటి కాడకి ఒక పెద్ద పువ్వు పూసే రకాన్ని గిల్లితే ఉన్న ఆ ఒక్క పువ్వూ పోతుంది కదండీ. ఒంటి పువ్వు పూసే కోడిజుట్టు రకాలదీ అదే కథ.

బంతిలో ఒక ట్రే గిల్లా, ఒకటి వదిలేశా. వదిలేసినవి ముందు పూశాయి, గిల్లినవి దాదాపు రెండు వారాలు లేటు, ఇంట్లో వాళ్ళు పాడుచేశావన్నారు కూడా. తర్వాత ఒక్కో మొక్కకి ఐదారు కొమ్మలొచ్చి గుబురుగా తయారయ్యాయి, ఇప్పుడు ఎవరూ మాట్లాడట్లేదు. అయితే వెలుతురు చాలక సాగిపోయిన నారుకి మాత్రం ఏ కత్తెరా మందు కాదు, ముందు ఎండలో పెట్టండి. నాటిన వెంటనే కూడా వద్దు, వేరు పట్టనివ్వండి.

ఇక తిట్లు. లాక్ దండగ, జేబులో దానంతటదే తెరుచుకుంటుంది, ఒకసారి తొడకి గుచ్చుకుంది కూడా. ఆకుల పసరు అంటుకుని బ్లేడ్లు బంకబంకగా అయిపోతాయి, స్పిరిట్‌తో తుడుచుకోవాలి, ఎలాగూ ఒక మొక్క రోగం ఇంకో మొక్కకి అంటకుండా తుడవాల్సిందే అనుకోండి, కానీ ఈ ఇరుకు మడతల్లోకి గుడ్డ వెళ్ళదు. అన్నిటికన్నా ఘోరం స్ప్రింగు, ఆరో వారంలో టింగుమని ఎగిరి మట్టిలో ఎక్కడో పడింది, అరగంట వెతికినా దొరకలేదు. అమ్మినవాళ్ళకి మెసేజ్ పెడితే స్ప్రింగు విడిగా ఇవ్వం, కత్తెర కొత్తది కొనుక్కోండి అన్నారు.

బ్లేడుకి ఐదుకి ఐదు, మిగతా అంతా కలిపి రెండు. కాడ గట్టిపడే మొక్కలు చాలా ఉంటే తీసుకోండి, నాలుగు బేసిల్ కుండీలకైతే వద్దు. పాత పెన్నులో స్ప్రింగు తీసి పెట్టి చూశా, బలం చాలట్లేదు, ప్రస్తుతానికి కోసిన ప్రతిసారీ వేలితో తెరుచుకుంటున్నా.