పెన్‌డ్రైవ్ వదలనంటే: వెతకడమా, ఆపేయడమా?

పెన్‌డ్రైవ్ తీయబోతే ‘ఈ పరికరం వాడుకలో ఉంది’ అని విండోస్ మొండికేస్తే రెండు దారులున్నాయి.

ఒకటి, డ్రైవ్‌ను పట్టుకున్న ప్రోగ్రామ్‌ను వెతకడం. విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ ట్యాబ్ తెరిచి, హ్యాండిల్స్ (ప్రోగ్రామ్‌లు తెరిచి పట్టుకున్న ఫైళ్లు వగైరా) వెతికే పెట్టెలో డ్రైవ్ అక్షరాన్ని, పక్కన కోలన్‌ను టైప్ చేస్తే దొంగ దొరుకుతాడు. చాలాసార్లు అది మూసేశామనుకున్న వర్డ్ ఫైలో, వెనకాల నడుస్తున్న వైరస్ స్కానరో! దాన్ని మూస్తే చాలు, మిగతా పనులు చెదరవు.

రెండోది, కంప్యూటర్‌నే ఆపేయడం. వెతుకులాట ఉండదు, కానీ తెరిచినవన్నీ మూసుకోవాలి. నేనైతే ఐదు నిమిషాలు వెతికి, దొరకకపోతేనే ఆపేస్తాను.

ఊరికే లాగేయడం మాత్రం దారే కాదు. 2018 నాటి విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి త్వరిత తొలగింపు (ఎజెక్ట్ నొక్కకుండానే తీయగలిగే) విధానమే డిఫాల్ట్ అయినా, కాపీ మధ్యలో లాగితే ఫైలు పాడవుతుంది.