వేడి మీద మొరాయించే కె-జెట్రానిక్: ఏళ్ల తరబడి వాడాక దేనికి ఎంత విలువ

పొద్దున చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. బాగా తిరిగి వేడెక్కాక ఆపి, వెంటనే మళ్లీ తాళం తిప్పినా ఇబ్బంది ఉండదు. ఆపి ఇరవై నిమిషాలో అరగంటో అయ్యాకే గొడవ మొదలవుతుంది. స్టార్టర్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ ఒకటి రెండు సిలిండర్ల మీద దగ్గుతుంది, చివరికి వణుకుతూ లేస్తుంది. బాష్ కె-జెట్రానిక్ అనే పెట్రోల్ ఇంజెక్షన్ వ్యవస్థ ఉన్న పాత కార్లు నడిపేవాళ్లలో ఈ టెన్షన్ తెలియనివాళ్లు తక్కువ. నాది డబ్ల్యు123 శ్రేణి మెర్సిడెస్ 280 ఈ, ఆరు సిలిండర్ల ఎం110 ఇంజిన్. ఈ ఒక్క సమస్య కోసం కొన్న పనిముట్లు, మార్చిన భాగాలు చాలా ఏళ్లు వాడాను కాబట్టి ఏది నిలబడిందో, ఏది ఉత్త ఖర్చో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

1973లో వచ్చిన ఈ వ్యవస్థలో కంప్యూటర్ లేదు. ఇంజిన్ పీల్చుకునే గాలి ఒక పళ్లేన్ని కదిలిస్తుంది, ఆ పళ్లేనికున్న మీట, సిలిండర్లకి పెట్రోల్ పంచే ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్‌లోని ప్లంజర్‌ని నెడుతుంది, ఇంజెక్టర్లు ఆగకుండా పెట్రోల్ చిమ్ముతూ ఉంటాయి. అంతా పీడనం మీదే నడుస్తుంది. బండి నడిచేటప్పుడు అది సుమారు 5 బార్. ఇంజిన్ ఆపాక కూడా అందులో కొంత పైపుల్లో మిగిలి ఉండాలి. వేడి మీద స్టార్టింగ్ అంతా ఆ మిగిలిన పీడనం చేతిలోనే ఉంది.

ఇంజిన్ ఆగగానే చల్లటి నీటి ప్రవాహం ఆగిపోతుంది. లోపలి వేడి మాత్రం ఎక్కడికీ పోక బానెట్ కింద పేరుకుంటుంది. పెట్రోల్‌లోని తేలికపాటి భాగాలు మామూలు వాతావరణ పీడనంలో 40 డిగ్రీలు దాటకముందే మరగడం మొదలుపెడతాయి. పైపుల్లో రెండు బార్ దాకా పీడనం ఉంటే అంత సులభంగా మరగవు. అది కారిపోతే ఇంజెక్టర్ల దాకా ఆవిరే. చల్లటి ఇంజిన్‌లో ఈ లోపం బయటపడదు. పంపు క్షణాల్లో పైపులు నింపేస్తుంది, పైగా కోల్డ్ స్టార్ట్ వాల్వ్ అదనంగా పెట్రోల్ పోస్తుంది. వేడి ఇంజిన్‌లో థర్మో టైమ్ స్విచ్ ఆ వాల్వ్‌ని తెరవనివ్వదు. కాబట్టి ‘పొద్దున బాగానే స్టార్టవుతోంది, పెట్రోల్ వైపు ఏ లోపమూ లేదు’ అని ఎవరైనా తేల్చేస్తే ఒప్పుకోకండి.

కొన్నవాటిలో మొదటి మార్కు ప్రెషర్ గేజ్‌కే వేస్తాను. మధ్యలో వాల్వ్ ఉన్న రకం కావాలి. దాన్ని ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్‌కీ, ఇంజిన్ వేడెక్కేదాకా పెట్రోల్ ఎక్కువ అందేలా చూసే వార్మప్ రెగ్యులేటర్‌కీ మధ్య బిగిస్తారు. వాల్వ్ మూస్తే సిస్టమ్ పీడనం, తెరిస్తే ప్లంజర్‌ని పైనుంచి అదిమే కంట్రోల్ పీడనం చూపిస్తుంది. అసలు చూడాల్సింది ఇంజిన్ ఆపాక. అన్నీ బాగుంటే ముల్లు ఒక్కసారిగా మూడు బార్ కిందికి పడి, పీడనాన్ని నిల్వ ఉంచే అక్యుములేటర్ తోయగానే ఒక పిసరు పైకి లేచి, అక్కడే కుదురుకుంటుంది. నా బండిలో అప్పట్లో అది కుదురుకోలేదు, కళ్లముందే సున్నాకి జారిపోయింది. ఇరవై నిమిషాల తర్వాత ఎంత మిగలాలో మోడల్‌ని బట్టి మారుతుంది, మీ సర్వీస్ మాన్యువల్ చూసుకోండి. చాలా కార్లకి అది 1.6 నుంచి 2.5 బార్ మధ్య ఉంటుంది.

ఎక్కడ కారుతోందో పట్టడానికి ఒక వరుస ఉంది. అక్యుములేటర్ వెనక వైపు సన్న పైపు ఊడదీసి పంపు నడపండి. అక్కడ పెట్రోల్ చుక్క కనపడిందంటే లోపలి రబ్బరు డయాఫ్రం చిరిగినట్టే, ఇక వెతకక్కర్లేదు. అక్కడ పొడిగా ఉంటే ఇంజిన్ ఆపిన క్షణంలో ట్యాంకు నుంచి పంపుకి వచ్చే రబ్బరు పైపుని హోస్ క్లాంప్‌తో నొక్కిపట్టండి. ఇప్పుడు ముల్లు నిలబడితే పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే, పంపు మూతి దగ్గరి చెక్ వాల్వ్ పోయింది. అప్పుడూ జారుతుంటే గేజ్ వాల్వ్ మూసి చూడండి. నిలబడితే లీకు వార్మప్ రెగ్యులేటర్ వైపు ఉంది, లేకపోతే ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్‌లోని ప్రెషర్ రెగ్యులేటర్ ఓ-రింగ్, ఇంజెక్టర్లు మిగిలాయి. ఆ ఓ-రింగ్ మార్చేటప్పుడు లోపలి సన్న బిళ్లలు, అంటే షిమ్‌లు, ఒక్కటీ పోనివ్వకండి, సిస్టమ్ పీడనాన్ని నిర్ణయించేవి అవే.

నా బండిలో పోయింది అక్యుములేటరే. కారు కింద, వెనక యాక్సిల్‌కి ముందు, పంపూ ఫిల్టరూ దాని పక్కనే ఉంటాయి. పేరులేని చవక రకం, ఒరిజినల్ రకం రెండూ వాడి చూశాను. చవకది బిగించినప్పుడు బాగానే పట్టింది కానీ ఎక్కువ కాలం నిలవలేదు. ఒరిజినల్ ఇప్పటికీ ముల్లుని నిలబెడుతోంది. ఇందులో డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. చెక్ వాల్వ్ విడిగా దొరుకుతుంది, చిన్న భాగం, అక్యుములేటర్‌తో పాటే మార్చేశాను. రాగి వాషర్లు మాత్రం ప్రతిసారీ కొత్తవే వెయ్యాలి. ఇది ఎంత పీడనంతో ఉన్న పెట్రోలో మర్చిపోవద్దు. నట్టు గుడ్డ చుట్టి నెమ్మదిగా వదులు చేసి పీడనం దించాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి.

లక్షణం ఇదే, కారణం మాత్రం పూర్తిగా తలకిందులుగా ఉండే సందర్భం ఒకటుంది. ఇంజెక్టర్లు కారుతూ ఉంటే సిలిండర్లలో పెట్రోల్ ఎక్కువైపోతుంది. యాక్సిలరేటర్ నేలదాకా తొక్కి సెల్ఫ్ కొడితే నల్ల పొగతో లేచిందంటే అనుమానం ఇటే. ఇంజెక్టర్లు బయటికి తీసి, గాజు సీసాల్లో పెట్టి, పంపు నడిపి, పళ్లెం కొద్దిగా కదపండి. పొగమంచులా చిమ్మాలి. పళ్లేన్ని వదిలేశాక మొనలు పొడిగా ఉండాలి, చుక్క కట్టకూడదు. నా ఇంజెక్టర్లలో కొన్ని చుక్క కట్టేవి. అన్నీ మార్చి, గట్టిపడిపోయిన రబ్బరు సీళ్లు కూడా కొత్తవి వేశాక ఐడిల్ కూడా నున్నగా అయింది. సీళ్ల దగ్గర దొంగగాలి లాగుతోందని అప్పటిదాకా అనుకోలేదు.

పైపులకి చుట్టే వేడి తట్టుకునే పట్టీలకి పెద్ద మార్కులేమీ వెయ్యను. పీడనం నిలవని బండిలో అవి పని చెయ్యవు, నిలిచే బండికి వాటి అవసరం పడలేదు. ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో ఆవిరి సమస్య పెరుగుతుందన్నది నిజమే, కానీ లీకులన్నీ ఆపాక ఆ పెట్రోల్‌తోనే నా బండి ఎండలో కూడా మొదటి తిప్పుకే అందుకుంటోంది.

ఇక హాట్ స్టార్ట్ రిలే. వేడి ఇంజిన్‌లో స్టార్టర్ తిరిగేటప్పుడు ఇది కోల్డ్ స్టార్ట్ వాల్వ్‌ని విడతలు విడతలుగా తెరుస్తుంది. కొన్ని కార్లకి కంపెనీ నుంచే వచ్చింది, అలాంటి బండైతే అది పని చేస్తోందో లేదో చూసుకోండి. లేని బండికి బయటినుంచి బిగించడం మాత్రం నాకు నచ్చలేదు. లీకు అలాగే ఉంటుంది, రిలే దాన్ని కప్పిపెడుతుంది, డయాఫ్రం ఇంకా చిరుగుతున్నా మీకు తెలియదు. నేను అంతకుముందు బిగించిన రిలేని అక్యుములేటర్ మార్చాక తీసేశాను, స్టార్టింగ్‌లో ఏ తేడా రాలేదు.