రాకెట్ చూద్దామని వెళ్ళి, బోర్డులు విప్పి వచ్చాను: గ్లాస్గో వరల్డ్‌కాన్

గ్లాస్గోలో దిగేసరికి సన్నగా చినుకులు. ఎయిర్‌పోర్టు బయటే 500 నంబరు బస్సు ఉంది, నేరుగా ఊరి నడిబొడ్డున బుకానన్ బస్ స్టేషన్‌లో దింపుతుంది. నా ముందు సీట్లో పెద్దాయన బ్యాగుకి గుడ్డతో కుట్టిన డ్రాగన్ ఒకటి వేలాడుతోంది. వెనక ఇద్దరమ్మాయిలు, కాలంలో వెనక్కి వెళ్ళి సొంత తాతనే చంపేస్తే మనవడి గతి ఏమిటని గొంతు పెంచి వాదించుకుంటున్నారు. బస్సులో ఒక్కరూ తల తిప్పి చూడలేదు. నేను ఎక్కింది సరైన బస్సే అని అప్పుడు నమ్మకం కుదిరింది.

వరల్డ్‌కాన్ గురించి రెండు ముక్కలు. ప్రపంచ సైన్స్ ఫిక్షన్ అభిమానులంతా ఏటా ఒకచోట కలిసే సమావేశం ఇది. 1939లో న్యూయార్క్‌లో మొదలైంది. యుద్ధం వల్ల 1942 నుంచి 1945 దాకా జరగలేదు. ఆ నాలుగేళ్ళు తప్ప ఏటా ఊరు మారుతూ నడుస్తూనే ఉంది. 2024 ఆగస్టు 8 నుంచి 12 వరకు గ్లాస్గోలో జరిగినది 82వది. ఆ ఊళ్ళో ఇది మూడోసారి. 1995లో, 2005లో కూడా క్లైడ్ నది ఒడ్డున ఇదే ప్రాంగణంలో చేశారు.

మనకి ఫ్యాన్ అనగానే కటౌట్, దాని మీద పాలు, బెనిఫిట్ షో. ఇక్కడి ఫ్యాన్ వేరే జాతి. చేతి డబ్బు పెట్టుకుని పత్రిక అచ్చేసి పంచుతాడు, దాన్ని ఫ్యాన్‌జైన్ అంటారు. తనే పాట కడతాడు, తనే వేషం కుట్టుకుంటాడు, కన్వెన్షన్ కూడా తనే నడుపుతాడు. టికెట్ అనరు, మెంబర్‌షిప్ అంటారు. ఈ తేడా మాటల్లోనే ఉందనుకుని వెళ్ళాను, అక్కడే పప్పులో కాలేశాను. పెద్ద పదవిలో ఉన్నవాళ్ళ దగ్గర్నుంచి వరస సరిచేసే మనిషి దాకా నిర్వాహకులంతా జీతం లేని వాలంటీర్లు. వాళ్ళూ మెంబర్‌షిప్ డబ్బు కట్టే పనిచేస్తారు. పూర్వం ఊళ్ళో పెళ్ళి గుర్తు తెచ్చుకోండి: వచ్చిన చుట్టాలే పందిరి వేసి, వాళ్ళే వడ్డించి, చివర్న మిగిలింది వాళ్ళే తినేవారు. నేను మాత్రం మొదటి రోజు సినిమా హాలుకి వెళ్ళినట్టు వెళ్ళాను.

మెంబర్‌షిప్ రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి వరల్డ్ సైన్స్ ఫిక్షన్ సొసైటీ సభ్యత్వం. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డులకి ఓటు దీంతోనే వస్తుంది, ఊరికి వెళ్ళకపోయినా ఇంట్లో కూర్చుని వేయొచ్చు. రెండోది హాజరయ్యే హక్కు, దీనికి విడిగా కట్టాలి. ఒక్కరోజు పాసులు కూడా ఉంటాయి. అంత దూరం నుంచి వెళ్ళేవాళ్ళు వాటి జోలికి పోవద్దు, మొదటి రోజంతా దారులు వెతుక్కోవడానికే సరిపోతుంది. బ్రిటన్ విజిటర్ వీసా ఫీజు అప్పుడు 115 పౌండ్లు. ఆ కాగితాల గొడవ అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను.

బస విషయంలో మాత్రం కాస్త ఆగాలి. ప్రాంగణాన్ని ఆనుకుని ఒక పెద్ద హోటల్ ఉంది. రాత్రి కబుర్లు, పార్టీలు అటువైపే సాగాయి. అక్కడ గది దొరికితే అర్ధరాత్రి లిఫ్టెక్కి పడుకోవచ్చు. నేను బుక్ చేద్దామనుకునేసరికి రేటు చుక్కల్లో ఉంది. స్కాట్లాండ్‌లో వేసవి సెలవులకి విద్యార్థుల గదులు అద్దెకిస్తారు కాబట్టి కెల్విన్‌బ్రిడ్జ్ సబ్‌వే స్టేషన్ దగ్గర ఒకటి తీసుకున్నాను. మంచం, బల్ల, తనకంటూ చిన్న బాత్‌రూమ్. నలుగురికి కలిపి ఒక వంటగది. శుభ్రంగానే ఉంది. ఆ వంటగదిలో మాత్రం ఒక గిన్నె, రెండు చెంచాలు, మూత లేని కెటిల్ తప్ప ఏమీ లేవు. అన్ని వసతులూ ఉన్న వంటగది అని వాళ్ళు రాసిన మాటకి అర్థం పొయ్యి ఉందని. రెండో రాత్రి ఎవరో బ్రెడ్డు మాడిస్తే ఫైర్ అలారం మోగి, రెండున్నరకి అందరం పైజమాలతో వీధిలో నిలబడ్డాం. రిసెప్షన్ ఫోను ఎత్తే నాథుడు లేడు. అయినా మళ్ళీ వెళ్తే అలాంటి గదే తీసుకుంటాను. హోటల్లో మూడు రాత్రులకయ్యే డబ్బుతో ఇక్కడ వారం గడిచింది.

ఆ గది వల్ల కలిసొచ్చింది పొద్దుటి నడక. కెల్విన్‌గ్రోవ్ పార్కులోంచి దిగి, మ్యూజియం పక్కనుంచి నది వైపు వెళ్తే అరగంటలో ప్రాంగణం. మ్యూజియం 1901లో తెరిచారు, ప్రవేశం ఉచితం. ఒక హాల్లో కింద సర్ రోజర్ అనే ఏనుగు, పైన కప్పుకి వేలాడదీసిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం. కథ రాయకుండానే ముఖచిత్రం వేసేసినట్టు ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి పెద్ద ఆర్గాన్ వాయిస్తారు, అరగంట కూర్చుంటే కాళ్ళ నొప్పులు పోతాయి. ఊరి మధ్యలో దిగినవాళ్ళకైతే సెంట్రల్ స్టేషన్ కింది ప్లాట్‌ఫామ్ నుంచి రైలుంది. ఎగ్జిబిషన్ సెంటర్ స్టేషన్‌లో దిగితే అక్కణ్ణించి పైకప్పున్న నడకదారి వాన తగలకుండా తీసుకెళ్తుంది. దారిలో ఫినిస్టన్ క్రేన్ కనిపిస్తుంది. ఒకప్పుడు గ్లాస్గోలో చేసిన రైలింజన్లను అమాంతం ఎత్తి ఓడల్లో పెట్టిన క్రేను. మన దేశంలో పొగ ఊదిన ఇంజన్లు కొన్ని ఈ ఊళ్ళో పుట్టినవే, అందుకే దాన్ని కాస్త చుట్టాన్ని చూసినట్టు చూశాను.

మొదటి రోజు సంగతి. గదులకి సరస్సుల పేర్లు: లోమండ్, ఆల్ష్, కారన్. వినడానికి బాగానే ఉంటాయి, పరిగెత్తేటప్పుడు ఏది ఎటో గుర్తుండదు. ఫోన్లో కార్యక్రమాల పట్టిక తెరిస్తే ఒకే గంటలో డజనుకి పైగా నడుస్తున్నాయి. గౌరవ అతిథుల్లో రచయితలు కెన్ మెక్లౌడ్, నెడీ ఒకోరాఫోర్, టెర్రీ విండ్లింగ్ ఉన్నారు. ఎవర్నీ వదలకూడదని ఆరు కార్యక్రమాలు గుర్తుపెట్టుకున్నాను. రెండిటికి గది నిండిపోయిందని తలుపు దగ్గరే ఆపేశారు. ఒకదానికి తప్పు అంతస్తుకి వెళ్ళాను. మిగిలిన మూడూ విన్నాను. అంగారకుడి మీద మట్టిలో పంట పండుతుందా అన్నది ఒకటి. అక్కడి మట్టిలో పెర్‌క్లోరేట్లనే విష లవణాలు ఉంటాయి, ముందు వాటిని కడిగేయాలి, కడగడానికి నీళ్ళెక్కడివని ఒక జీవశాస్త్రవేత్త, ఒక రచయిత తగువు పడ్డారు. అది బాగుంది. సాయంత్రానికి ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేదని గుర్తొచ్చి, ఇంత ఖర్చు పెట్టి ఉపన్యాసాలు వినడానికా వచ్చింది అని నీరసం వచ్చేసింది.

ఇక్కడివాళ్ళకి ఒక లెక్కుంది: 5-2-1. రోజుకి కనీసం అయిదు గంటల నిద్ర, రెండు పూటల తిండి, ఒక స్నానం. నవ్వులాటగా చెప్తారు గానీ మూడో రోజు వరసలో నిలబడితే ఆ చివరి అంకె ఎందుకు పెట్టారో ముక్కుకి తెలుస్తుంది.

రెండో రోజు పొద్దున్నే వాలంటీర్ల బల్ల దగ్గరికి వెళ్ళి పని అడిగాను. అనుభవం ఉందా అనలేదు, ఎక్కడినుంచి వచ్చావనలేదు. ఎన్ని గంటలు నిలబడగలవు అని మాత్రం అడిగారు. మాకు పని అప్పజెప్పే పెద్దావిడ బ్యాడ్జి కింద రంగురంగుల రిబ్బన్లు జడలా మోకాలి దాకా వేలాడుతున్నాయి. ఒక్కో రిబ్బన్ మీద ఒక్కో మాట అచ్చేసి ఉంటుంది, వెనక జిగురు పట్టీ ఉంటుంది, ఒకదాని కింద ఒకటి అంటించుకుంటూ పోవడమే. ఇవి అమ్మరు, ఎవరో ఒకరు ఇవ్వాలి. ఆవిడ తన సంచీలోంచి ఆకుపచ్చ రిబ్బన్ తీసి, నా బ్యాడ్జి కింద పెట్టి, బొటనవేలితో రెండుసార్లు గట్టిగా రుద్ది అంటించింది. మొదటిది ఎప్పుడూ ఊడకూడదంది. ఆ తర్వాత రెండు గంటలు ఒక తలుపు దగ్గర నిలబడి బ్యాడ్జిలు చూశాను. నన్ను ఆపి మాట్లాడినవాళ్ళు అంతకుముందు రోజు మొత్తం మీద దొరికినవాళ్ళ కంటే ఎక్కువ. తెలుగులో సైన్స్ ఫిక్షన్ ఉందా అని ముగ్గురు అడిగారు. ఉందని చెప్పాను. అనువాదం దొరుకుతుందా అంటే నీళ్ళు నమిలాను.

టేబుల్ టాక్ అని ఒక పద్ధతి ఉంది. ఒక రచయితో సంపాదకులో కూర్చుంటారు, చుట్టూ కొద్దిమందికే చోటు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. పేరున్నవాళ్ళవి క్షణాల్లో నిండిపోతాయి. నాకు దొరికింది పేరు వినని ఒక పత్రికా సంపాదకురాలి బల్ల. వచ్చే కథల్లో మొదటి పేజీలోనే ఎక్కడ చదవడం ఆపేస్తుందో దాచుకోకుండా చెప్పింది. పెద్ద హాల్లో వెనక వరసలో కూర్చుని విన్న పెద్ద పేర్ల కంటే ఆ గంట విలువైనది. ఫిల్క్ గది కూడా వదలొద్దు. ఫోక్ అన్న మాట 1950లలో ఒక వ్యాసంలో అచ్చుతప్పు పడి ఫిల్క్ అయితే, ఆ తప్పునే పేరు చేసుకున్నారు. గుండ్రంగా కుర్చీలేసుకుని, గిటార్ ఉన్నవాళ్ళు గిటార్‌తో, లేనివాళ్ళు ఉత్త గొంతుతో, ఒకరి తర్వాత ఒకరు అంతరిక్షం మీద కట్టిన పాటలు పాడతారు. మన భజన గోష్ఠి లాంటిదే. గొంతు బాగాలేనివాళ్ళకి చప్పట్లు ఇంకా గట్టిగా పడతాయి.

సేవల విషయానికొస్తే, నడవలేనివాళ్ళకి, వినికిడి లేనివాళ్ళకి, జనం మధ్య ఊపిరాడనివాళ్ళకి చేసిన ఏర్పాట్లు చూసి నిజంగా ఆశ్చర్యపోయాను. పెద్ద కార్యక్రమాలకి మాటలు తెర మీద అక్షరాలుగా వచ్చాయి. చక్రాల కుర్చీలకి ముందు వరసల్లో చోటు వదిలారు. తిండి మాత్రం అంతంతమాత్రం. హాల్లోపలి కౌంటర్లో శాకాహారం అంటే చల్లబడిన చిక్కుడు గింజలు, దానికి మళ్ళీ పొడుగాటి వరస. పది నిమిషాలు నడిచి ఆర్గైల్ స్ట్రీట్‌కి వెళ్తే బోలెడు హోటళ్ళు, అందులో మనవాళ్ళవీ ఉన్నాయి. నీళ్ళు కొనక్కర్లేదు. గ్లాస్గో కుళాయి నీళ్ళు 1859 నుంచీ కొండల్లోని కాట్రిన్ సరస్సు నుంచి వస్తున్నాయి, తియ్యగా ఉంటాయి. పుస్తకాల అంగళ్ళ గురించి రాయను, పర్సుకి చిల్లు పడ్డ సంగతి ఇంట్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు.

ఆదివారం రాత్రి హ్యూగో అవార్డులు. 1953 నుంచి ఇస్తున్నవి, బహుమతి వెండిరంగు రాకెట్. వేడుక ఆర్మడిల్లో అనే హాల్లో. నార్మన్ ఫోస్టర్ సంస్థ రూపకల్పన, 1997లో తెరిచారు, పేరుకు తగ్గట్టే పెంకులు కప్పుకున్న జంతువులా ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఊళ్ళోకి వెళ్ళి, తలమీద ట్రాఫిక్ కోన్ పెట్టుకున్న డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ విగ్రహం చూసి, గదికి వెళ్ళి బట్టలు మార్చుకుందామని సబ్‌వేకి వస్తే తలుపులు వేసి ఉన్నాయి. 1896 నుంచి నడుస్తున్న ఈ సబ్‌వే, పదిహేను స్టేషన్ల చుట్టూ గుండ్రంగా తిరిగే బుల్లి రైలు, అప్పట్లో ఆదివారం సాయంత్రం ఆరు దాటగానే కట్టేసేవారు. వెళ్ళేవాళ్ళు వేళలు ముందే చూసుకోండి. వానకి తడిసిన చొక్కాతోనే నడుచుకుంటూ వేడుకకి చేరాను. పక్కన కూర్చున్నాయన స్కాటిష్ కిల్టు, దాని మీద వ్యోమగామి కోటు. నా చొక్కా ఎవడిక్కావాలి!

ఓట్ల గురించి ఒక మాట. వేడుకకి మూడు వారాల ముందు నిర్వాహకులు 377 ఓట్లు చెల్లవని కొట్టేశారు. ఒకరి కోసం ఎవరో డబ్బులు పెట్టి దొంగ సభ్యత్వాలు కొన్నారని, లాభపడబోయిన ఆ పోటీదారుకి దీంతో సంబంధం ఉన్నట్టు ఆధారం లేదని బయటికి చెప్పేశారు. అంతకుముందు ఏడాది చైనాలోని చెంగ్డూ వరల్డ్‌కాన్‌లో కొన్ని రచనలకి అర్హత లేదని పక్కన పెట్టడం మీద రేగిన గొడవ ఇంకా చల్లారని రోజులవి. ఈసారి ఫలితాలు రాగానే ఏ రౌండులో ఎవరికి ఎన్ని ఓట్లో అన్నీ పెట్టేశారు. ఇక్కడ ఓటంటే ఇష్టమైన వరసలో అంకెలు వేయడం. వెనకబడ్డది పోటీలోంచి పోతే దాని ఓటు తర్వాతి అంకెకి వెళ్తుంది. నేను మొదటి స్థానం ఇచ్చిన నవల గెలవలేదు. అయినా అంకెల్లో నా ఓటు ఎక్కడికి బదిలీ అయి ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూసుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం ముగింపు సభ అయ్యాక చాలామంది సూట్‌కేసులు లాక్కుంటూ వెళ్ళిపోయారు. నా విమానం మర్నాడు. చిత్రాల ప్రదర్శన బోర్డులు విప్పడానికి మనుషులు కావాలంటే వెళ్ళాను. ఇనుప చట్రాలకి ప్లాస్టిక్ పట్టీలు వేసి బిగించారు. నాకు చిన్న కత్తెర, పట్టీల ముక్కలు వేసుకోవడానికి ఒక బకెట్ ఇచ్చారు. టక్, టక్ అని ఒక్కోటి తెంపుతుంటే, బోర్డు అవతలి చివర పట్టుకున్న పెద్దాయన 1995లోనూ, 2005లోనూ ఇదే చోట ఇదే పని చేశానన్నాడు. అప్పుడు పట్టీలు నలుపు రంగువట.

రాత్రి పనివాళ్ళందరికీ చివరి విందు. డెడ్ డాగ్ పార్టీ అంటారు, పేరు విని భయపడొద్దు, అలసి సొలసి కూలబడ్డవాళ్ళు కబుర్లు చెప్పుకోవడమే. పెద్దాయన నా రిబ్బన్లు లెక్కపెట్టాడు. పదకొండు. ఆకుపచ్చది ఊడలేదు.

"సరే, వచ్చే ఏడు సియాటెల్‌లో కలుద్దాం" అన్నాడు, పక్క వీధిలో టీ కొట్టు దగ్గర కలుద్దాం అన్నంత తేలిగ్గా.

అమెరికా వీసా స్లాట్ అనే మాటకి అర్థం ఏమిటో ఆయనకి చెప్పడం మొదలుపెట్టాను. అంగారకుడి మట్టి కడగడం కంటే కష్టంగా ఉందే అన్నాడు, బకెట్‌లోంచి ఒక పట్టీ ముక్క తీసి జేబులో వేసుకుంటూ.