లినక్స్‌లో వైఫై రాకపోతే: డ్రైవర్ కట్టుకోవాలా, కెర్నల్ మార్చాలా, కార్డే మార్చాలా?

కొత్తగా లినక్స్ వేసుకున్న ల్యాప్‌టాప్‌లో వైఫై పనిచేయకపోతే ఎవరికైనా మొదట తోచేది డ్రైవర్ (ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) వెతకడమే. నేనూ అదే చేశాను. ఎవరో రాసిపెట్టిన ఆదేశాలన్నీ వరసగా టెర్మినల్‌లో కొట్టి ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. చివరికి చూస్తే, విమానం బొమ్మ ఉన్న మీట ఎప్పుడో చెయ్యి తగిలి నొక్కుకుపోయింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే. ఇప్పుడు ముందు 'ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్' (rfkill list) అని కొట్టి, వైఫైని ఎవరైనా ఆపేశారేమో చూస్తాను. 'సాఫ్ట్ బ్లాక్డ్' పక్కన 'యెస్' ఉంటే 'ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై' (rfkill unblock wifi)తో సరిపోతుంది. 'హార్డ్ బ్లాక్డ్' దగ్గర ఉంటే మీటనో, ల్యాప్‌టాప్ ఆన్ కాగానే నడిచే బయాస్‌లోని అమరికనో చూసుకోవాలి.

అక్కడ అడ్డేమీ లేకపోతే చిప్ పేరు తెలుసుకోవాలి. 'ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే' (lspci -nnk) కొడితే నెట్‌వర్క్ కంట్రోలర్ పేరు, దాని కింద వాడుకలో ఉన్న డ్రైవర్ పేరు వస్తాయి. డ్రైవర్ వరస లేదంటే కెర్నల్‌కు, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ గుండెకాయకు, ఆ చిప్ పరిచయం లేదన్నమాట. డ్రైవర్ ఉన్నా వైఫై లేదంటే చిప్ లోపల నడిచే ఫర్మ్‌వేర్ ఫైలు లేదేమోనని అనుమానించాలి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫైళ్లు ఇన్‌స్టాలర్‌లోనే వస్తున్నాయి కాబట్టి ఈ బెడద తగ్గింది.

ఏ దారిలో వెళ్లాలన్నా నెట్ కావాలి. ఫోనును కేబుల్‌తో తగిలించి, దాని నెట్‌ను ల్యాప్‌టాప్‌కు పంచే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, లినక్స్ దాన్ని వైరు నెట్‌వర్క్‌గానే చూస్తుంది.

ఇక అసలు పోటీ. సోర్స్ కోడ్ దించుకుని డ్రైవర్‌ను సొంతంగా కంపైల్ చేయడం మూన్నాళ్ల ముచ్చట. అది ఇవాళ్టి కెర్నల్‌కు సరిపోయేలా తయారవుతుంది. రేపు అప్‌డేట్‌తో కెర్నల్ మారగానే వైఫై మాయం. డీకేఎంఎస్ అనే సాధనం ఉంటే కెర్నల్ మారిన ప్రతిసారీ డ్రైవర్‌ను తానే మళ్లీ కడుతుంది గానీ, పాత కోడ్ కొత్త కెర్నల్‌కు పొసగకపోతే అదీ చేతులెత్తేస్తుంది. దీనికి తోడు ల్యాప్‌టాప్‌లోని సెక్యూర్ బూట్ అనే రక్షణ. డిజిటల్ సంతకం లేని మాడ్యూల్‌ను (మనం కట్టిన డ్రైవర్ ఫైలును) అది లోపలికి రానివ్వదు. సంతకపు తాళంచెవిని (కీ) నమోదు చేయమని రీబూట్‌లో వచ్చే నీలం తెరను చూసి కొత్తవాళ్లు కంగారుపడి దాటవేస్తారు. ఆ తరువాత డ్రైవర్ ఉన్నా లేనట్టే.

కొత్త కెర్నల్‌తో ఈ తంటాలు ఉండవు. రియల్‌టెక్ ఆర్‌టీఎల్8821సీఈ చిప్‌కు కెర్నల్ 5.9లో, మీడియాటెక్ ఎంటీ7921కి 5.12లో, ఆర్‌టీఎల్8852బీఈకి 6.2లో డ్రైవర్ కెర్నల్‌లోనే చేరింది. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి మద్దతు ఉండే విడుదల) వాడేవాళ్లు, దానికోసమే వచ్చే కొత్త కెర్నల్ అయిన హెచ్‌డబ్ల్యూఈ వేసుకోవచ్చు. పాత కెర్నల్ బూట్ సమయంలో వచ్చే గ్రబ్ మెనూలో ఉండనే ఉంటుంది, నచ్చకపోతే వెనక్కి వెళ్లవచ్చు. నా ఓటు దీనికే. బీసీఎం43142 లాంటి బ్రాడ్‌కామ్ చిప్‌ల సంగతి మాత్రం వేరు. వాటికి కెర్నల్ మార్చి లాభం లేదు. ఉబుంటులోని 'అడిషనల్ డ్రైవర్స్' కిటికీ నుంచి ఆ కంపెనీ డ్రైవరే తెచ్చుకోవాలి.

ఇవేవీ కుదరకపోతే హార్డ్‌వేర్. యూఎస్‌బీ అడాప్టర్ తగిలించడం తేలిక, కొనడమే కష్టం. పెట్టె మీద లినక్స్ అని రాసి ఉంటే నమ్మకండి. ఒకే మోడల్ పేరుతో లోపల వేర్వేరు చిప్‌లు ఉంటాయి. ఎంటీ7612యూ (కెర్నల్ 4.19 నుంచి), ఎంటీ7921ఏయూ (5.18 నుంచి) లాంటి చిప్ పేరు చూసి కొనాలి.

ల్యాప్‌టాప్ విప్పడానికి జంకనివాళ్లకు లోపలి కార్డు మార్చడమే మేలు. ఎం.2 2230 సైజు ఇంటెల్ ఏఎక్స్210 అయితే ఒక మర (స్క్రూ), రెండు యాంటెన్నా తీగలతో పని ముగుస్తుంది, కెర్నల్ 5.10 గానీ ఆపైది గానీ ఉండాలి. చూడటానికి అలాగే ఉండే ఏఎక్స్211 జోలికి వెళ్లవద్దు, అది కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లతోనే పనిచేస్తుంది. కార్డును బోర్డుకే అతికించిన పలుచని ల్యాప్‌టాప్‌లు, బయాస్‌లో వేరే కార్డులను అడ్డుకునే కొన్ని పాత మోడళ్లు ఉన్నాయి. వాటికి అడాప్టరే గతి.

వైఫై వస్తూ పదేపదే తెగిపోతుంటే మాత్రం వీటిలో ఏదీ అక్కర్లేకపోవచ్చు. కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ అమరికల్లో 'వైఫై.పవర్‌సేవ్' (wifi.powersave) విలువ 3 (విద్యుత్ పొదుపు ఆన్) ఉంటే 2 (ఆఫ్) చేసి, ఆ సర్వీసును మళ్లీ మొదలుపెట్టి ఒక రోజు చూడండి.