ఉప్పెక్కిన బోరు: ఆర్‌ఓ మిషనా, ఇంకుడు గుంతా?

విశాఖలో లాసన్స్ బే, పెదవాల్తేరు లాంటి తీర ప్రాంతాల్లో బోరు నీరు ఉప్పెక్కితే చాలామందికి మొదట తోచేది ఆర్‌ఓ, అంటే నీటిలోని ఉప్పును వడకట్టే మిషన్. బిగించిన రోజే మంచినీరిస్తుంది, అది నిజమైన మేలే. కానీ ఇంటి మిషన్ లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ఆ వదిలిన నీటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. దాన్ని ఇంకుడు గుంతలోకి మళ్లించారో, బోరు మరింత పాడవుతుంది. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) లీటరుకు 500 మి.గ్రా. లోపుంటే ఉప్పు కోసం ఆర్‌ఓ అక్కర్లేదు.

డాబా మీది వాన నీటిని నేలలోకి దింపే ఇంకుడు గుంత ఫలితం నెమ్మదిగా వస్తుంది, కానీ జబ్బు మూలాన్ని పట్టుకుంటుంది. 100 చదరపు మీటర్ల డాబాపై ఏడాదికి 1000 మి.మీ. వాన పడితే, ఐదో వంతు పోయినా 80 వేల లీటర్లు దక్కుతాయి. నేల లోపల మంచినీరు ఉప్పునీటిపై తేలుతుంది. సముద్ర మట్టానికి పైన అది ఒక్క అడుగు పెరిగితే, సిద్ధాంతం ప్రకారం ఉప్పునీరు 40 అడుగులు కిందికి దిగుతుంది. అతిగా తోడితే అదే లెక్కన ఉప్పునీరు పైకొస్తుంది!

మొదటి వాన నీటిని బయటికి వదిలే వాల్వు తప్పనిసరి. లేదంటే దుమ్ము, ఆకులు చేరి గుంతలో నీటిని వడకట్టే ఇసుక పొర పూడుకుపోతుంది. మే నెలలోనే పై ఇసుక తీసి కడగాలి.

ముందు గుంత తవ్వించండి. ఆర్‌ఓ తాగడానికి, వంటకు మాత్రమే. అది వదిలిన నీటితో గచ్చు కడుక్కోండి, మొక్కలకు పోయకండి.